ఎనిమిదొందల మీటర్లు = నాలుగు చుట్లు

ఆ హైస్కూల్లో గ్రౌండుకి సున్నం గీతలు గీసే మనిషి ఒకడున్నాడు. చేరిన కొత్తలో పిల్లలు అతన్ని సున్నం అన్న అనేవాళ్ళు. కొన్నాళ్ళకి సున్నం మామ అన్నారు. ఇప్పుడు సున్నం తాత అంటున్నారు. నలభై ఏళ్ళ ఉద్యోగంలో ఆయనకొచ్చిన ప్రమోషన్లు ఈ రెండే.

ఆ రోజు పొద్దున్నే తాత గ్రౌండులో వంగి, అడుగున మేకుతో చిల్లులు పొడిచిన రేకు డబ్బాని ఊపుకుంటూ గీత గీస్తున్నాడు. ఎదురు గోడ మీద పెయింటరు నిచ్చెనెక్కి మెట్లు మెట్లుగా ఏదో బొమ్మ వేస్తున్నాడు. కింద నిలబడి ట్యాబ్ సారు చేతులూపుతున్నాడు. ట్యాబ్ సారంటే స్కూలుకి అథ్లెటిక్స్ డైరెక్టరు. చంకలో ట్యాబు లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు లేరు, అలాగే పరిగెత్తగా చూసినవాళ్ళూ లేరు. ఒకసారి గ్రౌండులో తేనెటీగలు లేస్తే పిల్లలందరూ గోడ దూకారు గానీ ఈయన మాత్రం నడిచే వెళ్ళాడు. వారం రోజులు మొహం ఫుట్‌బాల్ అయింది పాపం.

"ఏంటి సార్ ఆ మెట్లు? పైకెక్కితే ఏమొస్తుంది?" అన్నాడు తాత.

"ప్రగతి తాతా, ప్రగతి! మన స్కూలు నలభై ఏళ్ళ ప్రగతి. ఆడపిల్లల ఎనిమిదొందల మీటర్ల పరుగు తీసుకో. మొదటి పదేళ్ళలో బెస్టు టైము రెండు నిమిషాల నలభై ఒక్క సెకన్లు. తర్వాతి పదేళ్ళకి రెండు ముప్ఫై ఒకటి. ఆ పైన రెండు పంతొమ్మిది. ఇప్పుడు మన రాకెట్టు ఎంతకి దించిందీ? రెండు నిమిషాల ఆరు సెకన్లకి! సైన్సు తాతా, అంతా సైన్సు."

రాకెట్టంటే తొమ్మిదో క్లాసు పిల్ల. తాతకి సొంత మనవరాలు.

తాత భుజం మీద తువ్వాలు తీసి నోటికి అడ్డం పెట్టుకుని దగ్గాడు. నిజానికి అది నవ్వు. ముప్ఫై ఏళ్ళ నుంచి దాన్ని దగ్గు కింద చలామణీ చేస్తున్నాడు.

ఆ దగ్గు కథ తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

మొదట్లో అక్కడ డ్రిల్లు మాస్టారుగా ఈల మాస్టారు ఉండేవాడు. మెళ్ళో ఈల లేకపోతే ఒంటి మీద చొక్కా లేనంత సిగ్గుపడేవాడు. ఆయనేదో మహానుభావుడనుకునేరు, అదేం లేదు. చెవి మెలేసి పరుగు నేర్పిన మనిషి. "సార్, బూట్లు?" అని అడిగితే "ఏం, కాళ్ళు లేవా?" అనేవాడు. ఆడపిల్లల ఆటలంటే ఆయన లెక్కలో ఒక రబ్బరు రింగు. దాన్ని వాళ్ళ చేతికిచ్చి ఓ మూలకి తోలేసి, తనేమో స్టూలు మీద కునుకు తీసేవాడు. సున్నం అన్న చెల్లెలు ఆ రింగుని గోడ అవతలికి గిరాటేసి, లంగా ఎగ్గట్టి, మగపిల్లల వెనకాల పరిగెత్తింది. ముగ్గుర్ని దాటేసింది. ఈల మాస్టారు నిద్రలేచి చూసి, తనే నేర్పినట్టు ఈల వేశాడు. ఆమె రెండు నిమిషాల నలభై ఒక్క సెకన్లలో పరిగెత్తింది. వట్టి కాళ్ళతో. బహుమతిగా సబ్బుపెట్టె ఇచ్చారు. లోపల సబ్బు లేదు.

అప్పట్లో గ్రౌండు చుట్టు కొలత రెండొందల మీటర్లు. సున్నం అన్నే అయిదు మీటర్లకో ముడి వేసిన తాడుతో కొలిచి గీశాడు. ఈల మాస్టారు గోడకి ఒక రేకు బోర్డు తగిలించి దాని మీద ఆయిల్ పెయింటుతో రాయించాడు: ఎనిమిదొందల మీటర్లు = నాలుగు చుట్లు. ఆయన జన్మలో చేసిన ఒకే ఒక్క సరైన లెక్క అది. అదే కొంప ముంచింది.

తర్వాత లెఫ్ట్‌రైట్ మాస్టారొచ్చాడు. ఆయనకి పరుగంటే గిట్టదు, కవాతంటే ప్రాణం. పిల్లలు నీళ్ళ పంపు దగ్గరికి కూడా కవాతు చేస్తూనే వెళ్ళాలి. పోటీల రోజున వచ్చిన పెద్దమనుషుల ముందు రెండు గంటలు కాళ్ళు తాటించి తాటించి, తీరా పరుగు వేళకి పిల్లలు తోటకూర కాడల్లా వాలిపోయేవాళ్ళు. ఈయన హయాంలోనే సైన్సు ల్యాబు కట్టారు. ఎక్కడ కట్టారంటారా? గ్రౌండు మూల మీద. చుట్టు నూట ఎనభై అయిదుకొచ్చింది.

గోడ పడగొట్టినప్పుడు బోర్డుని మాత్రం పసిబిడ్డని ఎత్తుకున్నట్టు ఊడదీసి, కొత్త గోడకి తగిలించారు.

సున్నం అన్న హెడ్మాస్టరు గదికి వెళ్ళి చెప్పాడు. "సార్, చుట్టు చిన్నదైపోయింది. నాలుగు తిరిగితే ఎనిమిదొందలు రావు."

హెడ్మాస్టరు కళ్ళజోడు పైకి నెట్టాడు. "గోడ మీద ఏం రాసుంది?"

"నాలుగు చుట్లని సార్."

"మరి నువ్వు గోడకంటే ఎక్కువ చదువుకున్నావా?"

సున్నం అన్న చదివింది అయిదో క్లాసు. గోడ ఎంతవరకు చదివిందో ఆయనకి తెలీదు. "లేదు సార్" అని బయటికొచ్చి, ల్యాబు వెనక్కి వెళ్ళి కడుపుబ్బ నవ్వుకున్నాడు. ఆ రోజే ఒట్టేసుకున్నాడు. అడిగితే చెబుతా, అడక్కపోతే నోరు మెదపను.

ఎవడడుగుతాడు? సైకిళ్ళ షెడ్డు కట్టారు, చుట్టు నూట డెబ్భై అయింది. లాంగ్‌జంప్ ఇసక గుంట పూడ్చేసి కరస్పాండెంటు కారుకి నీడ వేశారు. దూకేవాళ్ళు ఇప్పుడు నేరుగా బానెట్టు మీదే దూకాలి. ఆ తర్వాత మిగిలిన గ్రౌండులోంచి ఇంకో ముక్క కోసి ఆడిటోరియం లేపారు. దానికి క్రీడా భవనమని పేరు పెట్టారు. మెత్తటి కుర్చీలు, చల్లటి గాలి. ఆటల గురించి అందులో కూర్చుని మాట్లాడుకోవచ్చు. చుట్టు నూట యాభై అయిదుకి దిగింది. బోర్డు మీద మాత్రం ప్రతి ఎండాకాలం కొత్త పెయింటు పడేది.

గ్రౌండు కురచయ్యేకొద్దీ టైములు తగ్గాయి. టైములు తగ్గేకొద్దీ షీల్డులు, ఫోటోలు, బ్యానర్లు పెరిగాయి. ఒకప్పుడు స్కూలంతా పరిగెత్తేది. ఇప్పుడు పదకొండు మంది పరిగెత్తుతుంటే నాలుగొందల మంది రంగు టోపీలు పెట్టుకుని చప్పట్లు కొడుతున్నారు. చప్పట్లకీ సర్టిఫికెట్లిస్తున్నారు. తాత ఇవన్నీ చూస్తూ తువ్వాల్లోకి దగ్గుతూ వచ్చాడు. అంతమంది చదువుకున్నవాళ్ళ చెవిలో ఒక్కడే పువ్వు పెట్టాడు. పైసా ఖర్చు లేకుండా.

ఆ పూట గోడ దగ్గర మాత్రం దగ్గు మధ్యలోనే ఆగిపోయింది.

"వచ్చే నెల పెద్ద పోటీలు తాతా. నలుమూలల నుంచి స్కూళ్ళొస్తాయి. అసలు సిసలు స్టేడియం! రాకెట్టుని పంపిస్తున్నాం" అన్నాడు ట్యాబ్ సారు.

తాత చేతిలో డబ్బా ఒరిగిపోయి సున్నమంతా ఒకేచోట కుప్ప పడింది. పిల్ల ఊపిరి ఎంత దూరానికి అలవాటు పడిందో ఆయనకొక్కడికే తెలుసు. నాలుగు నూట యాభై అయిదులు. ఆరొందల ఇరవై మీటర్లు. అక్కడికొచ్చేసరికి ఉన్న బలమంతా ఊడ్చేసి ఆగిపోతుంది. స్టేడియంలో ఇంకా నూట ఎనభై మీటర్లు మిగిలుంటాయి. అంతమంది ఎదుట, ట్రాకు మధ్యలో, ఆయన మనవరాలు!

సాయంత్రం చెల్లెలు వచ్చింది. ఇప్పుడు ఆవిడ బట్టలు కుట్టే దుకాణం నడుపుతోంది. మెళ్ళో కొలత టేపు తీయకుండానే వచ్చి గడపలో కూర్చుంది.

"నన్ను గోడ మీద నత్తని చేశారటగా అన్నయ్యా? నా టైము అట్టడుగున వేసి, ఆ రోజుల్లో ఆడపిల్లలు ఇంత నీరసంగా ఉండేవాళ్ళని పిల్లలకి పాఠం చెబుతున్నారట. దుకాణానికొచ్చిన ప్రతివాళ్ళూ చెప్పడమే."

తాత ఇక ఆపుకోలేక అసలు సంగతంతా చెప్పేశాడు. నవ్వుతూ మొదలెట్టాడు. చెల్లెలు నవ్వకపోయేసరికి, చివరికొచ్చేటప్పటికి నీళ్ళు నములుతున్నాడు.

"అంటే నేను పరిగెత్తినంత దూరం ఆ తర్వాత ఒక్కత్తీ పరిగెత్తలేదన్నమాట" అంది ఆవిడ.

"ఒక్కత్తీ లేదు."

"సరే, నా సంగతి వదిలెయ్. పిల్లకి చెప్పావా?"

"ఇంకా లేదు."

"లోకం చెవిలో పువ్వు పెట్టావు, బాగానే ఉంది. ఇంట్లో పిల్ల చెవిలో కూడా పెడతావా? సిగ్గు లేదూ నీకు, ఇంత ముసలాడివయ్యావు?"

మర్నాడు పొద్దున్నే తాత పాత ముళ్ళ తాడు తీసుకుని మనవరాల్ని గ్రౌండుకి పిలిచాడు. ఇద్దరూ చెరో కొస పట్టుకుని చుట్టూ కొలిచారు. ముప్ఫై ఒక్క ముళ్ళు. పిల్ల వేళ్ళతో లెక్కేసింది, మళ్ళీ లెక్కేసింది. మొహం ఎర్రబడింది.

"నీకు ఎప్పట్నుంచి తెలుసు తాతా?"

"నువ్వు పుట్టకముందు నుంచీ."

"మరి మొన్న నేను రికార్డు కొట్టినప్పుడు నన్నెత్తుకుని గంతులేశావు కదా?"

తాత తాడు కొసని వేలికి చుట్టుకోసాగాడు.

"అంటే అప్పుడు కూడా లోపల నవ్వుకుంటున్నావా? నన్ను చూసి?"

"నిన్ను చూసి కాదే తల్లీ. వాళ్ళని చూసి."

"నేను వాళ్ళ మధ్యలోనే ఉన్నాగా" అని తాడు కొస వదిలేసింది. అటు తిరిగింది. తర్వాత ముక్కు తుడుచుకుని అడిగింది. "ఎన్ని చుట్లు తిరిగితే ఎనిమిదొందలు?"

"అయిదు. పైన ఇంకో పాతిక మీటర్లు."

పిల్ల మొదలెట్టింది. నాలుగు చుట్లూ ఎప్పట్లాగే గాలిలా తిరిగింది. అయిదోది మొదలవగానే స్టాపుకొచ్చిన బస్సులా కాళ్ళు వాటంతటవే ఆగిపోయాయి. తిట్టుకుంది, మోకాళ్ళు పట్టుకుంది, మళ్ళీ కదిలింది. మిగతాదంతా ఈడ్చుకుంటూ నడిచింది. చివరి గీత దాటేసరికి మూడు నిమిషాల పన్నెండు సెకన్లు.

ఆ తర్వాత తాతని చొక్కా పట్టుకుని కరస్పాండెంటు గదికి లాక్కెళ్ళింది. ట్యాబ్ సారు అక్కడే ఉన్నాడు. తాత చెప్పిందంతా విని, "తాతకి ఎండ దెబ్బ తగిలింది సార్" అన్నాడు.

"ఇంకా ఎండ రాలేదు సార్, ఏడున్నరే అయింది" అంది పిల్ల. "టేపు వేసి కొలవండి, తెలుస్తుంది."

"టేపెందుకమ్మా? ట్యాబులో అంతా ఉంది." వేలితో రెండుసార్లు తోసి చూపించాడు. "ఇదిగో. చుట్టు కొలత రెండొందల మీటర్లు. చూసుకో."

"అందులోకి ఎలా వచ్చింది సార్?"

"నేనే ఎక్కించా."

"ఎక్కడ చూసి ఎక్కించారు?"

"ఎక్కడేమిటి, గోడ మీద బోర్డుంది కదా!"

తాత తువ్వాలు తీశాడు. మనవరాలు కళ్ళెర్రజేసి చూసేసరికి మళ్ళీ భుజం మీద వేసుకున్నాడు.

కరస్పాండెంటు ఇంతసేపూ పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉన్నాడు. ఆయనకి కోపమొస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. "చూడమ్మా, ఫారం పంపేశాం. రెండు నిమిషాల ఆరు సెకన్లని రాసి, స్టాంపు కొట్టి పంపేశాం. పేపరుకి నీ ఫోటో ఇచ్చాం. ఇప్పుడు గ్రౌండు చిన్నదైపోయిందంటే ఏం చెయ్యమంటావు? ఏది పడగొట్టమంటావు, ల్యాబా, నా ఆడిటోరియమా?" తర్వాత తాత వైపు తిరిగాడు. "గీతలు గీయడం నీ పని. లెక్కలు మావి. ఎవరి పని వాళ్ళు చేసుకుంటే మంచిది."

"నేను పోటీకి వెళ్ళనంటే?" అంది పిల్ల.

"ఒంట్లో బాలేదని రాసి పంపిస్తాం. నీ రికార్డు గోడ మీద చక్కగా ఉంటుంది. నిజానికి మాకు అదే సుఖం."

అదిగో, ఆ మాటకే పిల్లకి పౌరుషం పొడుచుకొచ్చింది. "వెళ్తాను సార్. కానీ ఇవాళ్టి నుంచి నా చుట్లు మీరెవరూ లెక్కపెట్టొద్దు" అని బయటికొచ్చేసింది.

ఇరవై నాలుగు రోజులు మిగిలాయి. తాత అసలు ఎనిమిదొందలు ఎక్కడ అయిపోతుందో అక్కడ అడ్డంగా ఒక గీత గీశాడు. చెల్లెలు దుకాణం తెరవకముందే వచ్చి, ఆ గీత పక్కన స్టూలు వేసుకుని కూర్చునేది.

"మొదటి చుట్టులోనే అలా ఎగిరిపడతావేంటే? నిన్నెవరైనా తరుముతున్నారా?"

"అమ్మమ్మా, నువ్వు మాట్లాడకు, ఊపిరి పోతోంది!"

"తిట్టడానికి ఊపిరుందంటే పరిగెత్తడానికీ ఉన్నట్టే. కదులు!"

నాలుగో చుట్టు కాగానే పిల్ల కాళ్ళు రోజూ తడబడేవి. వారానికి తడబాటు తగ్గింది. రెండు వారాలకి తిట్లు తగ్గాయి. ట్యాబ్ సారు కూడా వచ్చి కూర్చునేవాడు. నాలుగు చుట్లవగానే ట్యాబు మూసేసి "సూపర్!" అని టీ తాగడానికి వెళ్ళిపోయేవాడు. పిల్ల ఇంకా పరిగెత్తుతూనే ఉంటే, అది దాని సరదా అనుకునేవాడు.

పోటీల రోజొచ్చింది. స్టేడియం చూసి ట్యాబ్ సారు నోరు వెళ్ళబెట్టాడు. తర్వాత ఎవరినో అడిగొచ్చి, ఆనందంతో తాత వీపు చరిచాడు.

"తాతా! ఇక్కడ ఎనిమిదొందలంటే రెండే చుట్లట! మన పిల్ల నాలుగు తిరిగే పిల్ల. దీనికిది సగం పని!"

తాత తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. అనడానికి ఏముంది చెప్పండి? దేవుడు అప్పుడప్పుడు మనిషికి అలాంటి సారుని ఎదురుగా నిలబెట్టి, నవ్వడానికి వీల్లేకుండా చేస్తాడు.

ఫారంలో రాసిన టైము చూసి మిగతా స్కూళ్ళ వాళ్ళంతా రాకెట్టుని గుడ్లప్పగించి చూస్తున్నారు. ఒక కోచ్ తాత పక్కకొచ్చి మెల్లగా అడిగాడు. "పెద్దాయనా, రెండు నిమిషాల ఆరు సెకన్లంటే పెద్దవాళ్ళ పోటీల్లో పరిగెత్తే టైము. పిల్లకి ఏం తినిపిస్తున్నారు?"

"పిల్లకేం లేదు సార్. మా స్కూల్లో గ్రౌండునే కొంచెం కొంచెం తినేస్తుంటాం" అన్నాడు తాత. ఆ కోచ్‌కి అర్థం కాలేదు గానీ, గౌరవంగా తలూపాడు.

తుపాకి పేలింది. ఎనిమిది మంది బయల్దేరారు. పిల్ల తాత చెల్లెలు చెప్పినట్టే నింపాదిగా మొదలెట్టింది. మిగతా ఏడుగురికీ ఆ రెండు నిమిషాల ఆరు సెకన్లు బుర్రలో దెయ్యంలా కూర్చుంది. ఈ పిల్ల ఏదో ఎత్తు వేస్తోందనుకుని, దాటడానికి జంకి, ఆమె వెనకాలే గుంపుగా సాగారు. ఒక చుట్టంతా అబద్ధం ముందు పరిగెత్తితే నిజాలన్నీ వెనక పరిగెత్తాయి. రెండో చుట్టు సగంలో ఇద్దరికి అనుమానమొచ్చి దాటేశారు. ఇంకో ఇద్దరు వాళ్ళ వెంట వెళ్ళారు.

తాత వాళ్ళని చూడట్లేదు. ఆయన కళ్ళు ట్రాకు మీద ఒక్కచోటే ఉన్నాయి. చివరి మలుపు మొదలైన కాస్తకే, ఎవరూ గీత గీయని చోట. ఆరొందల ఇరవై. పిల్ల అక్కడికొచ్చింది. ఎడమ కాలు ఒక్క క్షణం తడబడింది. ట్యాబ్ సారు అలవాటుగా వాచీ నొక్కేసి "సూప..." అన్నాడు. తాత కంచెని రెండు చేతులా పట్టుకున్నాడు. పిల్ల పిడికిళ్ళు బిగించింది, పళ్ళు కొరికింది, మలుపు తిరిగింది. మెడ నరాలు తాళ్ళలా లేచాయి. ఇంకొకత్తి దాటబోతే దాటనివ్వలేదు. గీత దాటాక గడ్డి మీద పడి, రెండు చేతులూ బార్లా చాపి ఆకాశంలోకి చూసింది.

అయిదో స్థానం. రెండు నిమిషాల నలభై రెండు సెకన్లు.

తాత కంచె దూకి వెళ్ళాడు. ఆ వయసులో ఎలా దూకాడో ఇప్పటికీ ఆయనకే తెలీదు.

"తాతా, ఆగలేదు చూశావా?" అంది పిల్ల, ఊపిరి అందకుండానే.

"చూశానే. ఈసారి నవ్వలేదు కూడా."

"నవ్వు. ఇప్పుడు నవ్వొచ్చు" అంది. ఆయనకి నవ్వు రాలేదు. కళ్ళలోంచి ఇంకేదో వచ్చింది.

వారం తర్వాత ట్యాబ్ సారు ఒక కాగితం పట్టుకుని గ్రౌండుకొచ్చాడు. మొహం వెలిగిపోతోంది. కరస్పాండెంటు, ఆయనా రెండు రాత్రులు కూర్చుని తయారుచేసిన ఫిర్యాదు అది. పోటీలు జరిపినవాళ్ళకి పంపుతున్నారు.

"తాతా, అక్కడే మోసం జరిగింది! మన పిల్ల ఇక్కడ రెండు నిమిషాల ఆరు సెకన్లు, అక్కడ నలభై రెండు. ఎలా కుదురుతుంది? రెండు నిమిషాల ఆరుకి నేను వాచీ నొక్కినప్పుడు పిల్ల ఎక్కడుందో, అక్కణ్ణుంచి గీత దాకా ట్యాబులో కొలిచా. వాళ్ళ ట్రాకు పొడుగు తాతా! ఉండాల్సినదానికంటే దాదాపు నూట ఎనభై మీటర్లు ఎక్కువుంది!"

"ఎంతన్నారు?"

"నూట ఎనభై! పక్కా లెక్క. మన గ్రౌండు కొలిచే మనిషిగా నువ్వొక సంతకం పెట్టాలి."

తాత సున్నం చేతులు చొక్కాకి తుడుచుకున్నాడు. గీతకి అవతల మనవరాలు బూట్ల తాళ్ళు కట్టుకుంటూ, తలెత్తి ఇటే చూస్తోంది. తాత కాగితం తీసుకుని ట్యాబ్ సారు వీపుకే ఆనించి, నాలుక బయటపెట్టి, అయిదో క్లాసు అక్షరాలతో ఒక్కొక్కటే గుండ్రంగా దిద్దాడు.

"తేడా మాత్రం నూటికి నూరుపాళ్ళూ నిజం సార్" అన్నాడు. "వెంటనే పంపించండి. కొలవడానికి వాళ్ళనే ఇక్కడికి రమ్మని కూడా రాయండి."

"అదీ మాట!" అని ట్యాబ్ సారు ఆఫీసు వైపు బయల్దేరాడు. జీవితంలో మొట్టమొదటిసారి, పరిగెత్తుకుంటూ.